దూది రాని గది

పోయిన వేసవిలో, ఆవకాయకి ముక్కలు కొట్టించి పాత చీర మీద ఆరబెట్టిన రోజున, నేను పనిచేసి రిటైరైన కంపెనీ నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వస్తామని ముందే ఫోను చేశారు గానీ పనిలో పడి నేను మర్చిపోయాను. రిటైరయ్యాక హైదరాబాదు వదిలేసి తిరువూరు వచ్చేశాను. ఇక్కడ స్కూలు టీచరుగా ఉన్న మా చెల్లెలి ఇంటి పై వాటాలో ఉంటున్నాను. మెట్లెక్కి వచ్చేసరికి ఆ అమ్మాయి మొహమంతా చెమట. వెనకాల కెమెరా సంచీ భుజాన వేసుకుని ఒకాయన. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టాను. పేరు కీర్తన అని చెప్పింది. మా కంపెనీ క్షిపణుల పనితో పుట్టిన కంపెనీ. ఉపగ్రహాల పని చాలాకాలం దానికి ఒక మూలన జరిగే వ్యవహారం. ఇప్పుడు ఆ మూలే పెద్దదై వేరే కంపెనీగా విడిపోయిందట. ఊరి బయట పెద్ద హాలు కట్టారట, అందులో ఉపగ్రహాలు వరసగా తయారవుతాయట. ఆ హాలు ప్రారంభం రోజున చూపించడానికి చిన్న సినిమా తీస్తున్నారు. "మీరు ఫస్ట్ బ్యాచ్ కదా మేడమ్. అసలు ఇదంతా తిరువూరులో ఒక షెడ్డులో మొదలైందని మా సార్ చెప్పారు. ఆ షెడ్డు చూపించి, ఆ రోజుల గురించి మీరు నాలుగు మాటలు చెబితే చాలు," అంది.

అంతదూరం నుంచి వచ్చారు, కాదనలేక చెప్పులేసుకున్నాను. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు ఎరువుల గోడౌను ఉంది. రేకులు మారాయి, తలుపు మారింది, గుమ్మం ముందు పురుగుమందుల బోర్డు. లోపల అడుగుపెడితే బస్తాల ఘాటుకి కళ్లు మండాయి. కెమెరా ఆయన అటూ ఇటూ తిరిగి, "ఇక్కడ చూపించడానికి ఏమీ లేదండీ," అన్నాడు. నిజమే. పక్కనుండే పత్తి మిల్లు కూడా లేదు, దాన్ని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు. చివరికి కీర్తన నన్ను ఆ గోడౌను ముందే నిలబెట్టి, "ఆ రోజులు తలుచుకుంటే మీకేమనిపిస్తుంది మేడమ్?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. చాలాసేపే చెప్పాను. ఆ చెప్పినదే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఎందుకు రాయాల్సి వచ్చిందో తరవాత చెబుతాను.

మా నాన్న పేరు దావీదు. ఆ పత్తి మిల్లులో ఫిట్టరు. మిల్లంటే పెద్దదేమీ కాదు. గింజ వేరుచేసి దూదిని బేళ్లు కట్టే జిన్నింగు మిల్లు. దసరా వెళ్లాక బండ్లమీద, ట్రాక్టర్లమీద పత్తి రావడం మొదలైతే మళ్లీ ఎండలు ముదిరేదాకా ఆదివారం తప్ప మిల్లు ఆగేది కాదు. ఆ నెలల్లో నాన్న సాయంత్రం ఇంటికొస్తుంటే దూరం నుంచి ముసలాయన వస్తున్నట్టుండేది. జుట్టు తెలుపు, కనుబొమలు తెలుపు, చెవుల మీద వెంట్రుకలు కూడా తెలుపు. గుమ్మంలోకి రాగానే అమ్మ "అక్కడే ఆగు" అనేది. చొక్కా విప్పించి, గోడకి కొట్టి దులిపేది. అప్పుడు గాని ఆయన మా నాన్నలా కనపడేవాడు కాదు. మా నాయనమ్మ మిల్లు దగ్గర పారేసే తుక్కు దూది తెప్పించుకుని, పాత చీరల మధ్య పరిచి బొంతలు కుట్టేది. మా వీధిలో చలికాలం అందరూ కప్పుకునేది నాయనమ్మ బొంతలే. ఇల్లంతా దూది. చూరులో దూది, దీపం బుడ్డి మీద దూది, అన్నంలో కూడా అప్పుడప్పుడు ఒక పీచు తగిలేది. దాన్ని వేలితో తీసి పక్కన పెట్టి తినేసేవాళ్లం. ఇంటికి రెండు వాసనలుండేవి. ఒకటి పత్తిగింజల నూనె వాసన, రెండోది నాన్న చేతుల గ్రీజు వాసన. కిరసనాయిలుతో తుడుచుకున్నా, సున్నిపిండితో రుద్దుకున్నా ఆ గ్రీజు పోయేది కాదు.

ఆదివారం మాత్రం వేరే మనిషి. పొద్దున్నే తలంటుకుని, అమ్మ నిప్పుల పెట్టెతో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని మా అందరికన్నా ముందు నడిచేవాడు. చర్చిలో పాట ఎత్తేది ఆయనే. హార్మోనియం లేదు, తబలా లేదు. నాన్న మొదటి చరణం ఎత్తితే మిగతావాళ్లు అందుకునేవారు. పెద్ద గొంతు కాదు, కానీ నిలిచే గొంతు. ఒక మాట పట్టుకుంటే ఎక్కడా వణక్కుండా చివరిదాకా సాగేది. మగవాళ్ల వైపు వెనక వరసలో కూర్చునే మిల్లు కూలీలు ఆయన గొంతు వినపడగానే సర్దుకుని కూర్చోవడం నాకిప్పటికీ కళ్లకి కడుతుంది.

నేను విజయవాడలో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదివి వచ్చి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో శేషగిరిరావు గారు తిరువూరు తిరిగొచ్చారు. ఆయనది ఈ ఊరే. హైదరాబాదులో మా కంపెనీలో చాలాకాలం పనిచేసిన మనిషి. ఆయన భార్య భారతమ్మ గారికి పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. అక్కడ చూసుకునేవాళ్లు లేరని ఉద్యోగం వదిలి సొంత ఇంటికి తీసుకొచ్చేశారు. వచ్చాక ఊరికే కూర్చోలేక, ఇంటి పక్కనున్న సొంత షెడ్డులో చిన్న పని పెట్టారు. కంపెనీ వాళ్లు వైర్లూ కనెక్టర్లూ పంపేవారు. వాటిని కత్తిరించి, కొసలు బిగించి, దారంతో వరసగా కట్టి తిరిగి పంపాలి. ఐటీఐ చదివిన ఆడపిల్లలు కావాలని ఊళ్లో చెప్పించారు. తిరువూరు నుంచి కొందరం, గంపలగూడెం నుంచి ఇద్దరు, అలా చేరాం. అవి క్షిపణుల్లోకి వెళ్తాయనీ, ఆ సంగతి బయట చెప్పకూడదనీ మొదటిరోజే చెప్పారు. అమ్మ అడిగినవాళ్లందరికీ "మా పిల్ల రేడియో పనికి పోతోంది" అని చెప్పేది. నాన్న మాత్రం ఒకరోజు అన్నం తింటూ నెమ్మదిగా అడిగాడు.

"అది ఎవరి మీద పడేదమ్మా?"

"ఏమో నాన్నా. మాకు చెప్పరు."

"క్షిపణి అంటే పడేదే గదా," అని, చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు కూడా నన్ను సైకిలు మీద దింపాడు. వద్దని ఒక్కమాట అనలేదు. మా ఇంట్లో జీతం తెచ్చే చేతులు తక్కువ, వద్దనే స్తోమత మాకు లేదు.

ఆ తరవాత ఏడాది తిరగకముందే శేషగిరిరావు గారు మమ్మల్నందరినీ పిలిచి కొత్త పని వచ్చిందన్నారు. ప్రభుత్వం వాళ్ల ఉపగ్రహం ఒకదానికి వైర్ల పని మా కంపెనీకి వచ్చింది. కంపెనీలో ఉపగ్రహాల వైపు అప్పుడు చేతులు చాలవు. ఆయన మీద నమ్మకంతో కొంత భాగం మాకిచ్చారు. వానలూ తుపానులూ చూసే ఉపగ్రహమట. ఈ సంగతి చెప్పుకోవచ్చన్నారు. ఆరోజు ఇంటికెళ్లి చెబితే నాన్న మొహం విప్పారింది. "ఇది పడేది కాదు గదా. పైనే ఉంటది గదా," అని రెండు మూడుసార్లు అడిగాడు. ఆ ఆదివారం చర్చిలో పాట కాస్త పెద్దగానే ఎత్తాడు.

ఉపగ్రహం పని వేరు. దుమ్ము పనికిరాదు. శేషగిరిరావు గారు షెడ్డులో సగానికి లోపలే ఇంకో గది కట్టించారు. గోడలకి నున్నటి రంగు, కిటికీలు లేవు, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. పైన పెద్ద బ్లోయరు, దానికి దళసరి వడపోతలు. బయటిగాలి వాటి గుండా వడగట్టుకుని లోపలికి రావాలి. కరెంటు పోతే నడపడానికి జనరేటరు. లోపలికి వెళ్లేముందు మేము పూలు తీసేయాలి, గాజులు తీసేయాలి, పిన్నులు తీసేయాలి. అవన్నీ వరండాలో కుర్చీలో కూర్చున్న భారతమ్మ గారికి ఇచ్చేవాళ్లం. ఆవిడ తన పనిచేసే చేత్తో ఎవరివి వాళ్లకి చిన్న స్టీలు పళ్లేల్లో సర్దుకుని, మధ్యాహ్నం పూలమీద నీళ్లు చిలకరించి, సాయంత్రం తిరిగిచ్చేది. "ఏమే ఎస్తేరూ, నీ గాజు ఒకటి చిట్లింది చూసుకున్నావా, చెయ్యి కోసుకుంటావు," అని నాతో అనేది. మాట కాస్త ముద్దగా వచ్చేది గానీ మాకు అలవాటైపోయింది. మాకు తెల్లకోట్లు, తలకి టోపీలు, మూతికి గుడ్డ. వైర్లని దారంతో పేనుతూ కట్టుకుపోతాం కాబట్టి దాన్ని మేము జడ అనేవాళ్లం. ముడికీ ముడికీ మధ్య దూరం ఒకేలా ఉండాలి, బిగువు ఒకేలా ఉండాలి. బిగిస్తే వైరు కోసుకుంటుంది, వదిలితే పైన అదురుకి ఊగుతుంది. తల వంచుకుని ఆ పని చేస్తుంటే మెడలు పట్టేసేవి, కానీ ఆ గదిలో ఉన్న చల్లదనం, నిశ్శబ్దం మా ఊళ్లో ఇంకెక్కడా ఉండేవి కావు.

ఇంట్లో నా పద్ధతులన్నీ మారాయి. నా బట్టలు వేరే బకెట్లో, వేడినీళ్లలో. ఆరేసేది బయట దండెం మీద కాదు, లోపల గదిలో, తలుపేసి. నాయనమ్మ ఎవరూ చెప్పకుండానే బొంతల పని మానేసి, ఆ దూది మూటంతా వీధి చివర తన చెల్లెలింటికి మోయించింది. "చేతులు ఊరుకోవట్లేదే," అని కొన్నాళ్లు గుమ్మంలో ఊరికే కూర్చుంది. నాన్న మిల్లు పంపు దగ్గరే స్నానం చేసి, వేరే చొక్కా మార్చుకుని వచ్చేవాడు. అయినా నా పక్కన కూర్చునేవాడు కాదు. భోజనానికి నేను లోపల, ఆయన గుమ్మం దగ్గర. సైకిలు మీద దింపడం మానేసి, నా వెనకాల కొంత దూరంలో సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాడు. వీధిలోవాళ్లు నవ్వితే, "మా అమ్మాయిది శుభ్రమైన పని," అనేవాడు. నాకప్పుడు అది గౌరవంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ నెలలన్నీ మా నాన్న నన్ను ముట్టుకోనే లేదన్న సంగతి గుర్తుకొస్తుంది.

పత్తి కాలం వచ్చేసరికి అసలు కష్టం మొదలైంది. మిల్లు లోపలి దుమ్మునంతా ఒక రేకు గొట్టం బయటికి ఊదేది. ఆ గొట్టం మూతి సరిగ్గా మా షెడ్డు వైపు ఉంది. గాలి ఇటు తిరిగిందంటే వరండాలో భారతమ్మ గారి చీర మీద మంచు కురిసినట్టు నూగు. వడపోతలు మూసుకుపోయేవి. ఒకరోజు హైదరాబాదు నుంచి కంపెనీ తనిఖీ ఇంజనీరు వచ్చాడు. గదిలో లైట్లన్నీ ఆర్పించి, చేతిలో ఒక నీలం దీపం పట్టుకుని జడ పొడుగునా చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు. ఒక కనెక్టరు అంచున సన్నటి దూది పీచు మెరుస్తోంది. ఆయన కోప్పడలేదు. బయటికొచ్చి మూతికున్న గుడ్డ విప్పుకుంటూ, "రావుగారూ, మీ పిల్లల పనిలో వంక లేదు. కానీ పత్తి మిల్లు పక్కన ఇది జరిగే పని కాదు. వచ్చే నెలలో మళ్లీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే అంతా అక్కడికి తీసుకెళ్లిపోతాం," అన్నాడు.

శేషగిరిరావు గారు మిల్లు ఓనరు దగ్గరికి వెళ్లారు. గొట్టం ఇంకోవైపు తిప్పించమని అడిగారు. "సీజన్లో మిల్లు ఆపి గొట్టాలు తిప్పుతూ కూర్చుంటే రైతుల పత్తి ఏం చెయ్యాలండీ," అన్నాడట ఆయన. ఆయన తప్పేమీ లేదు, బండ్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. ఆ సాయంత్రం శేషగిరిరావు గారు లోపలికెళ్లి భార్య పక్కన మంచం మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని ఉండిపోయారు. నేను ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "అయితే పని పోయినట్టేనా?" అంది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక నాన్న ఇంటికి రాలేదు. తెల్లచొక్కా విప్పి అమ్మకిచ్చి, బనీను మీద మిల్లుకెళ్లాడు. ఆదివారం మిల్లుకి సెలవు. ఓనరుని ఆయన ముందే అడిగి ఒప్పించాడట, పని నేనే చేస్తాను, మిల్లు ఒక్క గంట కూడా ఆగదని. పాత రేకులు వెతికి, మడిచి, రివెట్లు కొట్టి, గొట్టానికి ఇంకో వంపు అతికాడు. చీకటి పడేలోపు దాని మూతి మా షెడ్డు వైపు నుంచి మిల్లు లోపలి దొడ్డి వైపు తిరిగింది. ఆ దొడ్డిలో ఒక పాక ఉండేది. కూలీలు అన్నాలు తినేదీ, ఫిట్టర్లు సామాన్లు పెట్టుకుని చిన్నచిన్న రిపేర్లు చేసుకునేదీ అక్కడే. మూడు పక్కలా గోడలు, గాలి ఆడదు. ఆ సంగతి నాకు తెలుసు, చిన్నప్పుడు నాన్నకి క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. సోమవారం పొద్దున షెడ్డుకి వెళ్తూ గొట్టం వైపు చూసి, వెనకాల వస్తున్న నాన్న కోసం ఆగాను.

"దుమ్మంతా మీ పాకలోకి వస్తది గదా నాన్నా."

"అక్కడుండేది మేమే గదా."

"అదే అంటున్నా."

"మాకు అలవాటే తల్లీ. కొత్తగా వచ్చేదేం ఉంది. నువ్వు పద, టైమవుతోంది," అన్నాడు.

తనిఖీ ఇంజనీరు మళ్లీ వచ్చాడు. దీపం పట్టుకుని చివరిదాకా చూశాడు. ఏమీ కనపడలేదు. పని మా దగ్గరే ఉంచారు. శేషగిరిరావు గారు ఆ వారంలో నాన్నని పిలిపించారు. మిల్లు పంపు దగ్గర స్నానం చేసి, ఆదివారం చొక్కా వేసుకుని వచ్చాడు. "దావీదూ, నీ కూతురు పనిచేసే చోటు నువ్వు చూడాలి. రా," అని తెల్లకోటు, టోపీ ఆయనే ఇచ్చారు. కోటు భుజాల దగ్గర బిగుతైంది. నాన్న రెండు తలుపులూ దాటి లోపలికొచ్చి, ఎక్కడ దేనికి తగులుతానో అన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మేమందరం పని ఆపి చూశాం. బల్ల మీద జడ పొడుగ్గా పరిచి ఉంది. దాన్ని ఆయన దూరం నుంచే చూశాడు. తరవాత తల పైకెత్తి గాలి వచ్చే జల్లెడ వైపు చూసి, నెమ్మదిగా ఊపిరి పీల్చుకున్నాడు. మళ్లీ పీల్చుకున్నాడు.

"వాసనే లేదండీ," అన్నాడు.

"లేదు. అంతా వడగట్టిన గాలి."

"వైర్లకి ఇంత గాలి కావాలాండీ?"

"పైకి వెళ్లాక బాగు చెయ్యడానికి అక్కడ ఎవరుంటారు దావీదూ? లోపల ఒక్క పీచు ఉన్నా చాలు, పాడవడానికి."

"అవునండి," అన్నాడు నాన్న. "ఒక్క పీచు చాలండి."

కాసేపు అలాగే నిలబడ్డాడు. అప్పటికే నాన్నకి పొడిదగ్గు మొదలైంది. సోమవారాలు ఎక్కువగా వచ్చేది. ఆదివారం సెలవు తరవాత మిల్లులోకి అడుగుపెట్టగానే ఛాతీ పట్టేస్తుందని అనేవాడు. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆయన దగ్గలేదు. బయటికొచ్చి కోటు విప్పి మడిచి, శేషగిరిరావు గారి చేతికి రెండు చేతులతో ఇచ్చి, దణ్ణం పెట్టి, మిల్లుకి వెళ్లిపోయాడు.

ఉపగ్రహం ఎగిరిన రోజు శేషగిరిరావు గారింట్లో టీవీ ముందు అందరం చేరాం. నాన్న వరండాలోనే నిలబడితే భారతమ్మ గారు పట్టుబట్టి లోపలికి పిలిపించింది. రాకెట్టు లేచి, పొగలో నుంచి పైకి పోయి, చుక్కంతై కనపడకుండా పోయింది. తరవాత చాలాసేపు ఏమీ తెలియలేదు. అంతా సరిగ్గా ఉందని వార్తల్లో చెప్పాక శేషగిరిరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఏడాది వర్షాకాలంలో టీవీలో మేఘాల బొమ్మ వచ్చినప్పుడల్లా అమ్మ చుట్టుపక్కల వాళ్లని పిలిచి చూపించేది. అది మా ఉపగ్రహం తీసిన బొమ్మో కాదో మాకు తెలియదు. అయినా అదేనని అనుకునేవాళ్లం.

పని బాగా చేసి పెట్టినందుకు మాకు దక్కింది ఏమిటంటే, పని మా చేతిలోంచి పోయింది. ఆ ఉపగ్రహం బాగా నడవడంతో కంపెనీకి ఇంకొన్ని పనులు వచ్చాయి. వాళ్లు హైదరాబాదులోనే పెద్ద శుభ్రమైన గది కట్టుకున్నారు. షెడ్డుకి సామాను పంపడం తగ్గించి, తగ్గించి, ఆపేశారు. చెయ్యి తిరిగిన అమ్మాయిలు వస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. శేషగిరిరావు గారే మాకు చెప్పారు. "వెళ్లండమ్మాయ్. నేనే వాళ్లతో మాట్లాడాను. ఇక్కడ మీకేముంది?" అన్నారు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. పెళ్లిళ్లు కుదిరినవాళ్లు ఆగిపోయారు. నేను వెళ్లాను. ఆ తరవాత పండక్కి వచ్చినప్పుడు చూస్తే గది తలుపులు తీసేసి ఉన్నాయి, లోపల ధాన్యం బస్తాలు. భారతమ్మ గారు ఆ ఏడాదే పోయారు. శేషగిరిరావు గారు కుర్చీలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, కొత్త గది ఎలా ఉందో, వడపోతలు ఏ రకమో వివరంగా అడిగి తెలుసుకున్నారు.

హైదరాబాదులో నా ఉద్యోగ జీవితమంతా అలాంటి గదుల్లోనే గడిచింది. పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, మా ఆయన్ని పోగొట్టుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి తెల్లకోటు వేసుకున్నానంటే బయట ఎండో వానో సాయంత్రం దాకా తెలిసేది కాదు. క్షిపణుల వాళ్లూ మేమూ ఒకే క్యాంటీన్లో తినేవాళ్లం. రానురాను మా ఉపగ్రహాల పని కూడా ఎక్కువభాగం సైన్యం కోసమే అయింది. వానలు చూసేదానికీ సరిహద్దులు చూసేదానికీ నా చేతికి తేడా తెలిసేది కాదు, ముడి అదే, దారం అదే. నాన్న ఫోనులో, "ఇప్పుడు కుట్టేది పైనే ఉండేదేనా?" అని అడిగేవాడు. అవునని చెప్పేదాన్ని. అబద్ధం కాదు. కానీ దాని చూపు ఎవరి మీదుందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నేను సెలవుకి వచ్చిన ఒక ఆదివారం చర్చిలో పాట ఇంకెవరో ఎత్తారు. నాన్న వెనక వరసలో మిల్లు వాళ్లతో కూర్చుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు వినపడలేదు. ఇంటికొస్తూ దారిలో రెండుచోట్ల ఆగి నిలబడ్డాడు. చెప్పు సర్దుకుంటున్నట్టు వంగేవాడు. అమ్మ నాకేసి చూసి ఊరుకోమన్నట్టు తల ఊపింది. తరవాత్తరవాత మాట్లాడ్డానికి కూడా ఊపిరి చాలేది కాదు. హైదరాబాదు తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో చూపించాను. డాక్టరు ఎక్స్‌రే ఫోటో వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తూ, "బీడీలు ఎక్కువ తాగేవారా?" అని అడిగాడు.

"జన్మలో ముట్టుకోలేదండి," అన్నాను.

"మరి ఏం పని చేసేవారు?"

చెప్పాను. ఆయన ఫోటో బల్లమీద పెట్టి, "అయితే అదే," అన్నాడు. నాన్న మా మాటలు వింటూనే ఉన్నాడు. బయటికొచ్చాక, "ఆ దొడ్డి పాకలో మాతో ఉన్నవాళ్లందరిదీ ఇదే వరస. నాదే కాస్త ఆలస్యం," అన్నాడు, ఆ ఒక్క ముక్కకే మధ్యలో ఆగాగి. చివరి రోజుల్లో ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో చెప్పలేను. గ్రీజు వాసన మాత్రం పోయింది.

ఇదంతా కీర్తనకి చెప్పాను, ఎరువుల గోడౌను ముందు నిలబడి. ఎండ పడుతోంటే ఆ అమ్మాయే నాకు గొడుగు పట్టింది. కెమెరా ఆయన ఒకచోట కెమెరా దించేశాడు, మళ్లీ తనంతట తానే ఎత్తుకున్నాడు. సాయంత్రం వాళ్లు వెళ్లేటప్పుడు కొన్ని మామిడికాయలు సంచీలో వేసిచ్చాను. వర్షాలు మొదలయ్యాక సినిమా నా ఫోనుకి వచ్చింది. చెల్లెలూ నేనూ కూర్చుని చూశాం. బాగా తీశారు. హాలు నిజంగా సినిమాహాలంత ఉంది. అక్కడ పనిచేసే పిల్లలు తల నుంచి కాలిదాకా తెల్లటి బట్టల్లో, లోపలికెళ్లేముందు నాలుగువైపుల నుంచీ గాలి ఊది దుమ్ము దులిపే గదిలో నిలబడుతున్నారు. మధ్యలో నేను ఒక్కసారి వచ్చాను. "ఒక షెడ్డులో మొదలుపెట్టాం. వాసనే లేదు. చాలా శుభ్రంగా ఉండేది," అంటాను. వెంటనే సంగీతం వస్తుంది, ఉపగ్రహం రెక్కలు విప్పుతుంది. 'వాసనే లేదు' అన్నది నాన్న మాట. దాన్ని నా మాటగా అతికారు.

ఆ సాయంత్రమే కీర్తన ఫోను చేసింది. "మేడమ్, మీ నాన్నగారి గురించి మీరు చెప్పింది నేను పెట్టాను. సార్ వాళ్లు చూసి తీసేయమన్నారు. ఇది ఆ సందర్భం కాదన్నారు."

"ఫర్వాలేదమ్మా."

"నాకు మాత్రం బాధగా ఉంది మేడమ్."

"నీ తప్పేముంది. భోజనం చేశావా?" అన్నాను. సార్ వాళ్లన్నది కూడా కాదనలేను. ప్రారంభోత్సవం రోజున ఎవరు వింటారు? కానీ ఎక్కడా రాయకుండా ఉండటానికి మాత్రం మనసొప్పలేదు. అందుకే ఇది.

ఇప్పటివాళ్లకీ మాకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే మా కాలం మంచిదని అనలేను, మంచిదైతే నాన్న ఇంకొన్నాళ్లు పాడేవాడు. ఈ కాలం చెడ్డదనీ అనలేను, ఆ హాల్లో పనిచేసే పిల్లలకి మెడలు పట్టేయకుండా మంచి కుర్చీలున్నాయి. ఉపగ్రహాలు ఇప్పుడు పైనుంచి చేలల్లో పత్తి ఎంత ఎదిగిందో, ఎక్కడ తెగులు పట్టిందో కూడా చూస్తాయట. చెల్లెలు పేపర్లో చదివి వినిపించింది. పత్తి మిల్లు రేకుల కింద ఏముందో అక్కణ్ణుంచి కనపడదు. కనపడినా దాన్ని చూడమని ఎవరూ పంపలేదు.

మొన్న పత్తి కాలం మొదలయ్యాక గంపలగూడెంలో ఉన్న పాత స్నేహితురాలిని చూడ్డానికి ఆటోలో వెళ్లి వస్తుంటే, రోడ్డు పక్కన కొత్త మిల్లొకటి కనపడింది. ఎందుకో దిగిపోయి ఆటోని పంపేశాను. గేటు బారుగా తీసి ఉంది. లోపల పెద్ద మెషీన్లు, నాన్న నడిపిన వాటిలా లేవు, మోత కూడా తక్కువే. గాలిలో నూగు మాత్రం అలాగే తేలుతోంది. మొహానికి తువ్వాలు చుట్టుకున్న ఒకాయన బేళ్ల పక్కన మెషీను మూత విప్పి, మోకాళ్ల మీద కూర్చుని ఏదో బిగిస్తున్నాడు. చేతులు నల్లగా, జుట్టంతా తెల్లగా. నేను అక్కడే నిలబడిపోయాను. కాసేపటికి ఆయన నన్ను చూశాడు. తువ్వాలు గడ్డం కిందికి లాక్కుని, దగ్గుని ఆపుకుంటూ లేచొచ్చాడు. దగ్గరికొస్తే నలభై కూడా ఉండవు.

"ఎవరు కావాలమ్మా?" అని అడిగాడు.

"ఎవరూ కాదు బాబూ," అన్నాను. "ఆటో కోసం నిలబడ్డాను."